నాలుగు లోపు

నెలలో మొదటి ఆదివారం వస్తే నతానియేలు డాక్టరైపోయేవాడు. మిగిలిన రోజుల్లో అతను విజయవాడ వన్ టౌన్‌లో ఒక చిన్న నర్సింగ్ హోములో మందులిచ్చే ఫార్మసిస్టు. ముప్ఫై రెండేళ్లుగా అదే కిటికీ, అదే స్టూలు. అక్కడ అతన్ని "ఏవయ్యా" అని పిలిచే డాక్టర్లున్నారు. చల్లపల్లి దగ్గర సొంతూళ్లో మాత్రం సంగతి వేరు. ఆరాధన ముగిసి జనం బయటికి వచ్చేసరికి చర్చి వసారాలో అతనికోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ సిద్ధంగా ఉండేది. ఆ కుర్చీ వేసేది ఆమోసు. చర్చి తాళాలూ, గంటా, చాపలూ అన్నీ ఆమోసు చేతిలోనే ఉంటాయి. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. కుర్చీ తుడిచి వేసి, పక్కకు తప్పుకుని నిలబడేవాడు.

నతానియేలు కూర్చోగానే ప్లాస్టిక్ కవర్లు ఒక్కొక్కటే విప్పేవాళ్లు. షుగరు రిపోర్టులు, థైరాయిడ్ రిపోర్టులు, గుండె పరీక్షల కాగితాలు. అతను కళ్లజోడు ముక్కు చివరికి జరిపి కాగితం అందుకునేవాడు. పైన ఏం రాశారో చూసేవాడు కాదు, కింద ఏం రాశారో చూసేవాడు కాదు. చూపు నేరుగా కుడివైపు కాలమ్ మీదికి పోయేది. ఎంతలోపు ఉండాలో అక్కడ వేస్తారు. పక్కనున్న అంకె లావు అక్షరాల్లో లేకపోతే "నార్మల్, పో" అనేవాడు. పెద్ద డాక్టర్లు అరగంట నానబెట్టే వ్యవహారాన్ని మనవాడు అర నిమిషంలో తేల్చేస్తాడని ఊరు ఊరంతా మెచ్చుకునేది. ఆ మెప్పు అతనికి బాగా రుచించింది. అబద్ధమెందుకు, ఎవరికి మాత్రం రుచించదు?

ఉత్తి మాటలతో సరిపెట్టేవాడు కాదు కూడా. కాళ్ల దగ్గర ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉండేది. మందుల కంపెనీల రెప్రజెంటేటివులు డాక్టర్లకు ఉచితంగా ఇచ్చిపోయే శాంపిళ్లు అందులో ఉండేవి. ప్రతి షీటు మీదా అమ్మకూడదని అచ్చు వేసి ఉంటుంది. నతానియేలు ఏనాడూ అమ్మలేదు, ఊరికే పంచాడు. ఈ విషయంలో దేవుడి దగ్గర తనకు మంచి పేరే ఉంటుందని గట్టిగా నమ్మాడు.

అతని పెద్దక్క సంపూర్ణమ్మ భర్త ఎలీషా. కాలవ లస్కరుగా చేసి రిటైరైన మనిషి. ముప్ఫై ఐదేళ్లు గట్ల మీద తిరిగి, ఇనప చక్రం తిప్పి కాలవ తలుపులు ఎత్తీ దించీ భుజాలు రాయిలా చేసుకున్నవాడు. నతానియేలు చిన్నప్పుడే తండ్రి పోతే, అతన్ని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని రోజూ తెల్లారేసరికి చల్లపల్లి బస్టాండులో దింపి, చదువు పూర్తయ్యేదాకా దింపుతూనే ఉన్నది ఈ బావే. ఆ మాట ఎలీషా ఎన్నడూ ఎత్తలేదు. నతానియేలు ఎన్నడూ మరిచిపోలేదు.

మూడేళ్ల కిందట ఒక ఆదివారం ఎలీషా అతన్ని చర్చి వెనక్కి తీసుకెళ్లి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"రాత్రికి నాలుగైదుసార్లు లెగాల్సొస్తందయ్యా. లెగిసినా సరిగ్గా రాదు. మీ అక్కకి చెప్పమాక."

"ఈ వయసులో మామూలే బావా. ప్రోస్టేటు గ్రంథి పెరిగుంటది. నా దగ్గర మంచి మందుంది" అన్నాడు నతానియేలు. డాక్టరుకు చూపించుకోమని అనలేదు. డాక్టరు వెనకనుంచి వేలు పెట్టి చూస్తాడని ఎలీషాకి ఎవరో చెప్పారు. ఆ పరీక్ష తప్పించినందుకే బావ తనని సగం దేవుడిని చేశాడని నతానియేలుకు తెలుసు.

డబ్బాలోంచి ఇచ్చినది రెండు మందులు కలిసిన గొట్టం బిళ్ల, క్యాప్సూలు. ఒకటి మూత్రం దారిని వదులు చేస్తుంది, రెండోది గ్రంథిని కుదిస్తుంది. నెల తిరిగేసరికి ఎలీషాకి హాయిగా నిద్ర పట్టింది. ఏడాది గడిచాక నతానియేలే పట్టుబట్టి పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష చేయించాడు. ప్రోస్టేటులో క్యాన్సరుందేమో అని అనుమానం తీర్చుకోవడానికి చేసే పరీక్ష అది. ఒకటీ పాయింటు తొమ్మిది వచ్చింది. మొన్న ఈస్టరు వెళ్లిన వారం మళ్లీ చేయిస్తే మూడూ పాయింటు ఏడు.

"నాలుగు లోపుంటే నార్మల్ బావా. నిశ్చింతగా ఉండు" అన్నాడు నతానియేలు, కాగితం మడిచి చేతిలో పెట్టి.

ఎలీషా ఆ మాటను పదిలంగా దాచుకున్నాడు. టీ బంకు దగ్గర ఎవరైనా ఒంట్లో ఎలా ఉందని అడిగితే "నాలుగు లోపే" అనేవాడు. వినేవాళ్లకు అర్థమయ్యేది కాదు. ఆయన మాత్రం పరీక్ష పాసైనవాడిలా నవ్వేవాడు.

కాలవలకు నీళ్లు వదిలిన రోజుల్లో ఆయనకు నడుం నొప్పి మొదలైంది. తలుపులెత్తిన నడుం కదా అని అందరూ అనుకున్నారు. నతానియేలు ఒక నొప్పి జెల్లూ, రెండు షీట్ల నొప్పి బిళ్లలూ ఇచ్చాడు.

ఆగస్టులో నర్సింగ్ హోము యజమాని అతన్ని మంగళగిరిలో ఒకరోజు క్లాసుకు పంపించాడు. ఫార్మసిస్టులకూ నర్సులకూ ల్యాబు టెక్నీషియన్లకూ ప్రోస్టేటు క్యాన్సరు గురించి చెబుతారట, సర్టిఫికెట్ ఇస్తారట, భోజనం కూడా ఉందట. ఈ మూడింట్లో నతానియేలుకు నచ్చింది మూడోది. తనకు తెలియనిదేముందని వెనక వరసలో ఫ్యాను కింద కూర్చున్నాడు.

చెప్పే డాక్టరు పేరు భానుశ్రీ. వయసు నలభై కూడా లేదు. మైకు అవసరం లేని గొంతు.

"యాభై దాటిన ప్రతి మగాడికీ ఈ పరీక్ష కళ్లు మూసుకుని చేసేయమని నేను చెప్పట్లేదండీ. ముందు మనిషితో మాట్లాడండి. లాభమేంటో చెప్పండి, నష్టమేంటో చెప్పండి. ఇంట్లో తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బుంటే ఇంకా ముందే, నలభై ఐదుకే మాట్లాడండి. 'మా అన్న ఎముకల క్యాన్సరుతో పోయాడండీ' అంటారు. అది ఎముకల్లో పుట్టిందా, ఇంకెక్కడైనా పుట్టి ఎముకల్లోకి వచ్చిందా? అడగండి."

నతానియేలు కుర్చీలో కొంచెం సర్దుకున్నాడు. ఎలీషా అన్నగారు అరవై రెండో ఏట మంచంలో కదల్లేక, ఎముకల క్యాన్సరని పోయాడు. మోసినవాళ్లలో నతానియేలు ఒకడు.

"ఇక పీఎస్‌ఏ. నాలుగు లోపుంటే నార్మల్ అని మనందరికీ నోటికొచ్చు కదా?" అందామె. హాల్లో తలలు ఊగాయి. నతానియేలు తల అందరికంటే ముందు ఊగింది.

"ఆ అంకెను ఒంటరిగా చదవకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంటే పెరుగుతుంది. మూత్రం పోవడానికి గొట్టం వేసినా పెరుగుతుంది. గ్రంథిని కుదించే మందు ఆర్నెల్లకు పైగా వాడుతుంటే మాత్రం దాదాపు సగానికి సగం పడిపోతుంది. అలాంటి మనిషికి మూడొస్తే మీరు ఆరు అని చదవాలి. ఇంకొక్క మాట, ఇది రాసుకోండి. మందు వాడుతుండగానే అంకె పెరుగుతోందంటే, అది నాలుగు లోపున్నా సరే, ఆ మనిషిని వదలకూడదు. నిప్పు మీద మూత పెట్టి నిప్పు లేదనుకోవడమే అది."

హాల్లో అందరూ రాసుకున్నారు. నతానియేలు రాసుకోలేదు. ఒకటీ తొమ్మిది, మూడూ ఏడు. బడిపిల్లలకు కూడా వచ్చే లెక్క అది, అతని బుర్రలో పదిసార్లు తిరిగింది. మూడూ ఏడుకి రెట్టింపు ఏడూ నాలుగు. పెరిగింది. మందు వాడుతుండగానే పెరిగింది. ఆ మందు ఇచ్చింది తను. ఆ అంకె చదివిందీ తనే.

బల్ల కింద ఫోను తీసి ఎలీషా రిపోర్టు ఫొటో వెతికి పట్టుకున్నాడు. జీవితంలో మొదటిసారి కాగితం అడుగుకు పోయాడు. చీమ తలకాయంత అక్షరాల్లో రెండు వరసలున్నాయి. గ్రంథిని కుదించే మందులు వాడేవారిలో ఫలితం తక్కువగా కనిపించవచ్చు, డాక్టరుతో సరిచూసుకోవాలి. ఇంగ్లీషులో ఉంది, అతనికి వచ్చిన ఇంగ్లీషులోనే. నాలుగు నెలలుగా ఆ ఫొటో అతని జేబులోనే ఉంది.

"మగవాళ్లు నడుం నొప్పని వస్తే జెల్లిచ్చి పంపేయకండి" అంటోంది భానుశ్రీ. "కొత్తగా వచ్చిన నొప్పి, తగ్గని నొప్పి. దానితో పాటు కాళ్లు తిమ్మిరెక్కినా, నడక తడబడినా ఆ రోజే పెద్దాసుపత్రికి పంపండి. వెన్నుపూస లోపల నరాలు నలిగితే కాళ్లు పడిపోతాయి."

ప్రశ్నలుంటే అడగమన్నారు. ఎలా లేచాడో నతానియేలుకే తెలియదు.

"మేడమ్, మాకు తెలిసిన ఒక పేషెంటున్నాడండీ" అని మొదలుపెట్టి అంకెలన్నీ అప్పజెప్పాడు. నడుం నొప్పి చెప్పాడు. అన్నగారి చావు చెప్పాడు.

భానుశ్రీ మొహం మారింది. "మూడేళ్లుగా వాడుతున్నాడా? డాక్టరు చూడకుండానే? ఎవరండీ ఇచ్చింది?"

హాలంతా వెనక్కి తిరిగి చూసింది.

"ఎవరో ఊళ్లో ఆర్‌ఎంపీ అండీ" అన్నాడు నతానియేలు.

"రేపే తీసుకురండి ఆయన్ని" అని విజయవాడలోని తన ఆసుపత్రి చీటీ మీద నంబరు రాసి ఇచ్చింది. భోజనాలకు లేచారు. నతానియేలు సర్టిఫికెట్ తీసుకోలేదు, భోజనం చేయలేదు. గేటు బయట నిలబడి అక్కకు ఫోను చేశాడు.

"బావెలా ఉన్నాడక్కా?"

"ఉన్నాడు. పొద్దున్నే గట్టెక్కుతుంటే కుడికాలు కాస్త ఈడ్చాడంట. తిమ్మిరంటన్నాడు. ఏంట్రా, నీ గొంతేంటి అట్టా ఉంది?"

"ఏం లేదు. వస్తన్నా" అని పెట్టేశాడు.

విజయవాడ వచ్చి చల్లపల్లి బస్సెక్కాడు. ఉయ్యూరు దాటింది, పామర్రు దాటింది. కిటికీ పక్కన కాలవ నిండుగా పారుతోంది. ఎన్ని వందలసార్లు పోయిన దారో. ఈసారి ప్రతి స్టాపులోనూ బస్సు కావాలనే ఆగుతోందనిపించింది. డ్రైవరుని లేపి తను తోలాలనిపించింది. ఈపాటికి బావ కాళ్లు పడిపోయి ఉంటే? అక్క ఎదురొచ్చి గడపలో నిలబడితే ఏం చెప్పాలి? అరవై ఏళ్లకు దగ్గరపడిన మనిషి, చేతిలో ఉన్న టిక్కెట్టును ముక్కలు ముక్కలుగా చింపుతూ కూర్చున్నాడు. ప్రార్థన చేద్దామనుకున్నాడు. ఏం అడగాలో తెలియలేదు. జబ్బు లేకుండా చూడమని అడగాలా, ఉన్నా తన మీదికి రాకుండా చూడమని అడగాలా? రెండోదే ముందు మనసులోకి వచ్చింది. అలా వచ్చినందుకు తనంటే తనకే అసహ్యం వేసింది.

ఎలీషా వాకిట్లో మంచం మీద కూర్చుని వేపపుల్లతో దంతాల సందులు కెలుక్కుంటున్నాడు. కాళ్లు కదులుతున్నాయి. ఆ కదిలే పాదాలను చూసి నతానియేలుకు ఏడుపొచ్చినంత పనయ్యింది.

"ఏంటయ్యా, మొదటాదివారం కాకుండా ఊడిపడ్డావు?"

"రేపు విజయవాడ రావాలి బావా. ఒక పెద్ద డాక్టరమ్మ చూస్తానంది."

"నన్నా? నాకేం? నాలుగు లోపేగా?"

అప్పుడు చెప్పాల్సింది. నాలుక చివరి దాకా వచ్చింది. పక్కనే సంపూర్ణమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడి తమ్ముడి మొహంలోకే చూస్తోంది.

"కొత్త రూలొచ్చింది బావా. అందరికీ మళ్లీ చేస్తన్నారు" అన్నాడు.

అది ఆ రోజున రెండో అబద్ధం. ఎలీషా కాసేపు అతన్ని చూశాడు. ముప్ఫై ఐదేళ్లు నీటిమట్టం చూసిన కళ్లు అవి. చొక్కా ఎక్కడుందని భార్యను అడిగాడు.

మర్నాడు భానుశ్రీ గదిలో ఎలీషా, నతానియేలు కూర్చున్నారు, సంపూర్ణమ్మ గుమ్మం దగ్గరే ఆగింది. ఆమె ఎలీషా కాళ్లను మడిచి చాపి చూసింది, నడుం మీద వేళ్లతో తట్టింది. ఎలీషా ఎంతోకాలంగా తప్పించుకున్న ఆ పరీక్ష కూడా చేసింది. నిమిషం కూడా పట్టలేదు. తెర వెనకనుంచి బయటికొచ్చి ప్యాంటు సర్దుకుంటూ ఎలీషా "ఇంతేనా? దీనికా నేను మూడేళ్లు భయపడింది?" అన్నాడు. భానుశ్రీ నవ్వలేదు. గ్రంథి ఒకవైపు రాయిలా గట్టిగా ఉందని ఇంగ్లీషులో నర్సుకు చెప్పి రాయించింది. ఆ ఇంగ్లీషు గదిలో ఇంకొకడికి కూడా అర్థమైంది.

"ఈ బిళ్లలు మీకెవరిచ్చారండీ?" అని అడిగిందామె.

ఎలీషా నోరు తెరవబోయాడు. బావమరిదిని చూసి మూసుకున్నాడు. ఆ మూసుకోవడంలో ఆయనకు అంతా తెలిసిపోయిందని నతానియేలుకు అర్థమైంది. చెప్పకపోయినా గడిచిపోయేదే. గది గుమ్మంలో అక్క నిలబడి ఉంది.

"నేనేనండీ. నిన్న అబద్ధం చెప్పాను. ఆర్‌ఎంపీ ఎవరూ లేరు. బిళ్లలిచ్చింది నేనే, రిపోర్టు చదివి నార్మలని చెప్పింది కూడా నేనే. ఈయన మా బావగారు."

భానుశ్రీ తిట్టలేదు. తిడితే బాగుండునని అతనికి అనిపించింది. "మందు తప్పు మందు కాదండీ. చాలామందికి మేమే రాస్తాం. ముందు చూసి రాస్తాం, తర్వాత గుర్తుపెట్టుకుని చదువుతాం. అంతే తేడా" అంది. ఆ అంతే తేడా అన్న మాట తరువాత చాలా రోజులు అతని చెవిలో ఉండిపోయింది.

సంపూర్ణమ్మ మాత్రం బయట వరండాలో తమ్ముడి చొక్కా పట్టుకుంది. "నువ్వున్నావని గదరా మేం ఎక్కడికీ పోలేదు! నువ్వున్నావనే గదరా!" అని రెండుసార్లు అంది. చొక్కా వదిలేసి బల్ల మీద కూలబడింది.

మళ్లీ చేసిన రక్తపరీక్షలో తొమ్మిదీ రెండు వచ్చింది. ఇప్పుడు రెట్టింపు చేయడం నతానియేలుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. స్కానింగ్, ముక్క తీసి చేసే పరీక్ష, ఎముకల స్కాను. పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ నతానియేలు మందుల కిటికీలో కూర్చుని ప్రతి చీటీనీ రెండుసార్లు చదివాడు. ఇంతకుముందు ఏం వాడారు, ఎవరు రాశారు అని అడుగుతుంటే వెనక క్యూ పెరిగి జనం విసుక్కున్నారు. తెలిసిన మందు షీటు మీద చెయ్యి వేయాలన్నా భయమేసేది. ఎలీషా ఫోను చేసేవాడు కాదు. తను చేస్తే ఎత్తి "ఆఁ, ఉన్నా" అని పెట్టేసేవాడు. కోపమా, భయమా తెలిసేది కాదు. తిట్టే మనిషి దగ్గరికైతే వెళ్లి కాళ్లు పట్టుకోవచ్చు. ఊరుకున్న మనిషి దగ్గరికి ఎలా వెళ్లాలో అతనికి తెలియలేదు.

ఫలితం చెప్పిన రోజున భానుశ్రీ బల్ల ఇవతలికి వచ్చి ఎలీషా పక్కన కుర్చీలో కూర్చుంది.

"క్యాన్సరేనండీ. గ్రంథి దాటి నడుం పూసలో ఒకచోట, తుంటి ఎముకలో ఒకచోట కనిపిస్తోంది. వెన్నులో నరాలు ఇంకా నలగలేదు, అది మన అదృష్టం. నొప్పి ఉన్నచోటికి రేడియేషన్, అదే కరెంటు పెట్టిస్తాం. ఇంజెక్షనుంది, బిళ్లలున్నాయి. పూర్తిగా తీసేయలేం, కానీ ఏళ్ల తరబడి అదుపులో పెట్టొచ్చు."

ఎలీషా చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. "ఈస్టరప్పుడే తెలిస్తే?"

"అప్పటికి ఎక్కడుందో ఇప్పుడు చెప్పలేనండీ. ఎంత ముందు తెలిస్తే అంత మంచిది, అది మాత్రం చెప్పగలను" అంది భానుశ్రీ. ఆమె నతానియేలు వైపు చూడకుండానే ఆ మాట అంది. ఆ జాలికి అతను తల ఎత్తలేకపోయాడు.

సెప్టెంబరు మొదటి ఆదివారం వచ్చింది. నతానియేలు వెళ్లకూడదనే అనుకున్నాడు. ముందురోజు సాయంత్రం ఎలీషాయే ఫోను చేశాడు.

"రేపు వస్తన్నావుగా?"

"నేనెట్టా రాను బావా?"

"రా. నీ డబ్బా తీసుకురా" అని పెట్టేశాడు.

వచ్చాడు. ఆరాధనలో పాస్టరు అయ్యగారు ఏం చెప్పారో ఒక్క ముక్క చెవికెక్కలేదు. బయటికి వచ్చేసరికి వసారాలో ఆమోసు ఎప్పటిలాగే కుర్చీ తుడిచి వేశాడు. జనం ఎప్పటిలాగే కవర్లతో మూగారు. ఎవరికీ ఏమీ తెలియదు. ఎలీషాకి ఆరోగ్యం బాగాలేదని మాత్రం తెలుసు. నతానియేలు కూర్చోలేదు. కుర్చీ వెనక భాగం పట్టుకుని నిలబడ్డాడు.

ఎలీషా కర్ర ఊతంగా మెల్లగా మెట్లెక్కి, అందరికంటే ముందుకు వచ్చి, తన ఫైలు అతని చేతిలో పెట్టాడు.

"చదువు."

"బావా..."

"ఎప్పుడూ సగమే చదివావు. ఇయ్యాళ పైనుంచి కిందిదాకా చదువు. అందరికీ ఇనపడేట్టు చదువు."

అందరి ముందూ తన పరువు తీయడానికే రమ్మన్నాడని నతానియేలు అనుకున్నాడు. తీస్తే తీయనీ, తనకు దక్కాల్సిందే. పేరు దగ్గర మొదలుపెట్టాడు. వయసు చదివాడు. ఒకటీ తొమ్మిది, మూడూ ఏడు, తొమ్మిదీ రెండు చదివాడు. రెట్టింపు ఎందుకు చేయాలో తెలుగులో చెప్పాడు. నడుం పూస దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. ఎలీషా కర్రతో నేల మీద కొట్టి "ఊఁ" అన్నాడు. చదివాడు. అడుగున ఉన్న చీమ తలకాయల అక్షరాలు కూడా చదివాడు.

"ఈ బిళ్లలు ఇచ్చిందీ, నార్మలని చెప్పిందీ నేనే" అన్నాడు చివరికి.

ఆడవాళ్లలో సంపూర్ణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎలీషా జనం వైపు తిరగలేదు. బావమరిది వైపే తిరిగి, చర్చి వెనక ఆ రోజున మాట్లాడినంత మెల్లగా అన్నాడు. "నేను నిన్ను పిలిచింది సిగ్గు తీయటానికి కాదయ్యా. నా సంగతి ఎట్టాగూ తేలిపోయింది. ఈ బిళ్లలు ఇంకెవరికిచ్చావు? ఆళ్లంతా ఇక్కడే ఉన్నారు. పిలువు."

ఆ పన్నెండు రోజుల్లో నతానియేలుకు ఈ ఆలోచన రాలేదా అంటే వచ్చింది. వచ్చిన ప్రతిసారీ రెండు చేతులా తోసేశాడు. ఇప్పుడు కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకున్నాడు.

"యేసుకుమారూ." ట్రాక్టరు తోలే యేసుకుమారు ఉలిక్కిపడి ముందుకొచ్చాడు.

"రావమ్మగారి ఆయన... వెంకటసుబ్బారావుగారు." ఆయన చర్చికి వచ్చే మనిషి కాదు. పక్క వీధి రైతు, రిపోర్టు కోసం మాత్రం ప్రతి నెలా వచ్చి గేటు దగ్గర నిలబడతాడు. ఆ రోజు కూడా నిలబడే ఉన్నాడు. చేతిలో కవరు కిందపడింది.

"మీరిద్దరూ బిళ్లలు సొంతంగా ఆపొద్దు, భయపడొద్దు. రేపు నాతో డాక్టరుగారి దగ్గరికి రండి. పాత కాగితాలన్నీ తెండి" అన్నాడు నతానియేలు. "ఇద్దరే బావా. ఇంకెవరూ లేరు."

ఎలీషా తలూపాడు. జనంలో కొంచెం ఊపిరి వచ్చింది. నతానియేలు బిస్కెట్ల డబ్బా తీసి మూత బిగించి, ఇక ఇది తెరవను అనబోయాడు.

అప్పుడు కుర్చీ పక్కనుంచి, ఎప్పుడూ మాట్లాడని గొంతు ఒకటి వినిపించింది. ఆమోసు ఒక చేత్తో నడుం పట్టుకుని, రెండో చేత్తో చొక్కా జేబులోంచి సగం ఖాళీ అయిన షీటు తీసి చూపిస్తున్నాడు.

"నాకూ ఇచ్చావు గదయ్యా. కుర్చీ ఏసినప్పుడల్లా ఓ షీటు. మూత్రానికి మంచిదని ఇచ్చావు. నాకైతే పరీక్షేం చేయించలా."

నతానియేలు ఆ షీటు అందుకుని వెనక్కి తిప్పి చూశాడు. అదే మందు. ఇచ్చిన సంగతి అతనికి గుర్తే లేదు.